త్రీ లెవెల్ ఇన్వర్టర్‌లో కెపాసిటర్ బ్యాలెన్సింగ్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

మా టెస్ట్ బెంచ్ మీద త్రీ లెవెల్ ఎన్‌పీసీ (న్యూట్రల్ పాయింట్ క్లాంప్డ్) ఇన్వర్టర్, అంటే డీసీని మూడు వోల్టేజీ మెట్లతో ఏసీగా మార్చి మోటారుని నడిపేది, ఒకటి చాలా ఏళ్లుగా నడుస్తోంది, 600 వోల్టుల డీసీ బస్, పైన ఒక కెపాసిటర్ బ్యాంక్ కింద ఒకటి, చెరో 300 ఉండాలి. 1981లో నబాయె, తకాహాషి, అకాగి పేపర్‌తో పేరొచ్చిన టోపాలజీ, కొత్తదేం కాదు, అయినా మిడ్ పాయింట్, అంటే రెండు బ్యాంకులూ కలిసే చోటు, ఇప్పటికీ ఏడిపిస్తుంది. బ్యాలెన్సింగ్‌కి ఆఫ్‌సెట్ పద్ధతి వాడుతున్నాం, అంటే మూడు ఫేజుల రిఫరెన్సులకీ (ఇన్వర్టర్ ఇవ్వాల్సిన వోల్టేజీ ఆదేశాలకి) ఒకే చిన్న వోల్టేజీ కలపడం, లైన్ వోల్టేజీ మారదు కాబట్టి మోటారుకి తేడా తెలీదు, మిడ్ పాయింట్‌లోకి పోయే కరెంట్ మాత్రం మారుతుంది.

లోడ్ మీద సూపర్ అండి, వంక పెట్టడానికి లేదు. కావాలని ఒక బ్యాంక్‌కి అదనంగా రెసిస్టర్ తగిలించినా స్కోప్‌లో రెండు గీతలూ కాస్త విడిపోయి మళ్లీ కలిసిపోతాయి.

లోడ్ తీసేశాకే అసలు కథ. మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు ఉండేదంతా దాదాపు రియాక్టివ్ కరెంటే, అంటే పని చేయకుండా అటూ ఇటూ ఊగేదే, అది ఇటు లాగింది కాసేపట్లోనే అటు లాగేస్తుంది, ఆఫ్‌సెట్ ఎంత కలిపినా లూప్ (రెండు బ్యాంకుల తేడా చూసి ఆఫ్‌సెట్ దిద్దే కంట్రోల్) లిమిట్‌కి పోయి కూర్చుంటుంది, ఈలోగా లీకేజీ తేడాతో ఒక బ్యాంక్ మెల్లగా ఎక్కేస్తుంటుంది. సాఫ్ట్‌వేర్ ఉందిగా బ్లీడర్లు (ఒక్కో బ్యాంక్‌కి అడ్డంగా పెట్టే రెసిస్టర్లు) ఎందుకు అనేవాళ్ల మాట వినకండి. మా దాంట్లో ఒక్కోదానికి 22 కిలో ఓమ్‌లు, 4 వాట్లు ఊరికే వేడిగా పోతాయి, పోనీయండి.

ఇక రీజెన్, అంటే బ్రేక్ వేసినప్పుడు మోటారు నుంచి పవర్ బస్‌లోకి రావడం. పవర్ వెనక్కి తిరిగితే ఆఫ్‌సెట్ గుర్తు కూడా తిప్పాలి, లేదంటే తేడా తగ్గించాల్సిన లూపే దాన్ని పెంచేస్తుంది. డ్రైవ్‌తో వచ్చిన ఫర్మ్‌వేర్‌లో అది లేదు, బ్రేక్ వేసినప్పుడల్లా ట్రిప్, మొత్తం బస్ 640 కూడా దాటలేదు కానీ పై బ్యాంక్ ఒక్కటే 400 దగ్గరుంది. సపోర్ట్ వాళ్లు కెపాసిటర్లు మార్చమన్నారు, మార్చినా అదే గోల. చివరికి గుర్తు తిప్పే కోడ్ మేమే రాసుకున్నాం, పవర్ సున్నా దగ్గర అది అటూ ఇటూ గెంతకుండా చిన్న హిస్టెరిసిస్ పెట్టాం, ఆ ట్రిప్ మళ్లీ రాలేదు.

ఫుల్ వోల్టేజీ దగ్గర 50 హెర్ట్జ్‌కి 150 హెర్ట్జ్ రిపుల్ మిడ్ పాయింట్‌లో కనిపిస్తుంది, ముఖ్యంగా పవర్ ఫ్యాక్టర్ తక్కువైతే. అది లూప్ గెయిన్ (దిద్దే జోరు) పెంచితే పోయేది కాదు, కెపాసిటర్ సైజు పెంచడమే దారి.

పంపులు, ఫ్యాన్లకైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. క్రేన్, లిఫ్ట్ లాంటివాటికైతే మాత్రం కొనేముందు బ్రేకింగ్‌లో రెండు బ్యాంకుల వోల్టేజీలూ విడివిడిగా చూపించమనండి, డిస్‌ప్లే మీద మొత్తం బస్ ఒక్కటే చూపించే డ్రైవ్ అయితే నేనైతే కొనను.