డైనో షీట్‌లో 31 హార్స్‌పవర్, కారులో 12: డబ్బు కట్టే ముందు చూసుకోండి

కారు పవర్ పెంచడానికి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో సెట్టింగ్‌లు మార్చడం) మూడూ కలిపి ఒక ప్యాకేజీగా చేయించుకున్నాను. పని అయ్యాక చేతిలో పెట్టిన డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) షీట్ ప్రకారం చక్రాల దగ్గర పవర్ 240 నుంచి 271 హార్స్‌పవర్‌కి పెరిగింది. సంబరంగా ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపాను కూడా. తర్వాత ట్రాక్ మీద, ఏ మార్పూ చేయని అదే మోడల్ కారు స్ట్రెయిట్‌లో నా పక్కనుంచి కదలనే లేదు. అప్పుడు షీట్ మళ్లీ తీశాను.

కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది అసలు సంగతి. మొదటి రన్‌కి (డైనో మీద ఒకసారి కొలవడానికి) ఎస్‌ఏఈ కరెక్షన్, రెండోదానికి ఎస్‌టీడీ. ఇవి కొలిచిన అంకెను సర్దే రెండు వేర్వేరు లెక్కలు. వేడిగాలిలో ఇంజిన్ తక్కువ పవర్ ఇస్తుంది కాబట్టి, ఏ రోజు కొలిచినా పోల్చుకునేలా సాఫ్ట్‌వేర్ ఆ అంకెను ఒక ప్రామాణిక వాతావరణానికి సర్దుతుంది. ఎస్‌ఏఈ జె1349 లెక్కకు ఆధారం 25 డిగ్రీలు. ఎస్‌టీడీ అంతకంటే చల్లటి, చిక్కటి గాలిని తీసుకుంటుంది, సుమారు 15.5 డిగ్రీలు. అందుకే అదే రన్ ఎస్‌టీడీలో దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. స్పానర్ ముట్టకుండానే నాకు 10 హార్స్‌పవర్ వచ్చిందన్నమాట!

ఇంకోటి చూడండి. గాలి ఉష్ణోగ్రత మొదట 31, తర్వాత 46 అని ఉంది. మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను, ఎండేమీ అంతగా ముదరలేదు. ఫోన్‌లో తీసుకున్న వీడియో చూస్తే, మొదటి రన్‌లో ఫ్యాన్ దగ్గర వేలాడిన సెన్సర్ వైరు రెండోసారి బానెట్ కింద, వేడి రేడియేటర్ పక్కన ఉంది. గాలి అంత వేడిగా ఉందనుకుని సాఫ్ట్‌వేర్ దాదాపు రెండున్నర శాతం కలిపేసింది. కావాలనే పెట్టారో, చూసుకోలేదో నాకు తెలీదు. స్మూతింగ్ (గ్రాఫ్‌లోని ఎగుడుదిగుడులను నునుపు చేసే సెట్టింగ్) కూడా 5 నుంచి 0 అయింది, దాంతో గ్రాఫ్‌లో ఒక్క క్షణం ఎగిరిన ముల్లు గరిష్ఠ పవర్‌గా లెక్కలోకి వచ్చేసింది.

పని చేసిన షాపువాళ్లను అడిగితే "అన్ని డైనోలూ ఒకేలా చూపించవు సార్" అన్నారు. నిజమే. అందుకే కదా, ముందూ తర్వాతా ఒకే డైనో మీద, ఒకే సెట్టింగ్‌లో కొలవాలి!

వేరేచోట సగం రోజు కూర్చుని అదే చేయించాను. ఒకే గేరు, టైర్లలో ఒకే గాలి, ఆయిల్ వేడి ఒకే దగ్గరకు వచ్చాకే రన్. పాత భాగాలు, పాత మ్యాప్‌తో 239. కొత్తవి పెడితే 251. మళ్లీ పాతవి పెడితే 240. అంటే నిజంగా పెరిగింది 12, లేదా ఒకటి తక్కువ. టర్బో లేని ఇంజిన్‌కి 12 చెడ్డదేమీ కాదు. ముందే ఆ మాట చెప్పి ఉంటే రీమ్యాప్ ఒక్కటే చేయించుకునేవాణ్ణేమో.

టర్బో కార్లవాళ్లు ఇంకాస్త చూసుకోండి. ఈసీయూ బూస్ట్‌ని (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడిని) తనే సర్దుకునే కార్లకు ఈ కరెక్షన్ చాలాసార్లు అవసరానికి మించి కలుపుతుంది.

డబ్బు కట్టే ముందే ఒక మాట ఒప్పించుకోండి: ప్రింటవుట్ కాదు, రన్ ఫైళ్లే ఇవ్వాలని. ఫైలుంటే కరెక్షన్, స్మూతింగ్ మీరే మార్చి రెండు గీతలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసుకోవచ్చు. నా ఫైళ్లు అడిగి మూడు వారాలైంది. మొదట "పంపిస్తాం సార్" అన్నారు, ఇప్పుడేమో సిస్టమ్ ఫార్మాట్ అయిందంటున్నారు.