కావర్షమ్‌లోనా, వుడ్లీలోనా? రెడింగ్‌లో ఇల్లు చూసుకునేవాళ్లకి ఏది మేలు

ఇంగ్లండ్‌లోని రెడింగ్ చుట్టుపక్కల ఉద్యోగం దొరికిన ప్రతి తెలుగు కుటుంబం మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఇది. రెండూ ఒకప్పటి పల్లెలే. రెండూ ఇప్పుడు రెడింగ్ పట్నంలో కలిసిపోయినట్టే ఉంటాయి. అద్దెలూ ధరలూ వెబ్‌సైట్లలో మీరే చూసుకోగలరు. అక్కడ కనిపించనిది ఒకటుంది: రోజూ పొద్దున రైలుకి ఎలా చేరతారన్నది. నా లెక్కలో తేల్చేది అదే.

కావర్షమ్ థేమ్స్ నదికి ఉత్తరాన ఉంది. 1911 దాకా అది ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లాలోది. రెడింగ్‌లో కలవడానికి అప్పటివాళ్లు వంతెనల కోసం షరతు పెట్టారు. అలా 1923లో రెడింగ్ బ్రిడ్జి, 1926లో కొత్త కావర్షమ్ బ్రిడ్జి వచ్చాయి. దాదాపు వందేళ్లయినా కార్లకి ఇప్పటికీ ఆ రెండే దారులు. మూడో వంతెన మాట దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. తూర్పున సోనింగ్ వంతెన ఉన్నా అది పాతది, ఇరుకైనది. సిగ్నల్ పెట్టి ఒక్కో వైపు వాహనాలనే వదులుతారు. పడమట విట్‌చర్చ్ వంతెన దూరం, పైగా టోల్. అందుకే పొద్దున ఎనిమిదింటికి కావర్షమ్ నుంచి కారు తీస్తే నదిమీదే సమయం హరించుకుపోతుంది. బస్సు ఎక్కినా అదే వరుసలో నిలబడాలి.

కాలినడకన వెళ్లేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. 2013లో రెడింగ్ స్టేషన్‌కి ఉత్తరం వైపు ద్వారం తెరిచారు. 2015లో క్రైస్ట్‌చర్చ్ మైదానాల దగ్గర నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే ఒక వంతెన కట్టారు. ఈ రెండూ కలిసి కావర్షమ్ రాతని మార్చేశాయి. గాస్‌బ్రుక్ రోడ్ చుట్టుపక్కల ఇంటి నుంచి ప్లాట్‌ఫారానికి పది పదిహేను నిమిషాల నడక. అక్కడి నుంచి లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కి ఫాస్ట్ రైలు సుమారు 25 నిమిషాలు. లండన్ గుండా పోయే ఎలిజబెత్ లైన్ రైలు చాలా స్టేషన్లలో ఆగుతూ దాదాపు రెట్టింపు సమయం తీసుకుంటుంది కాబట్టి పాడింగ్టన్ దాకా వెళ్లేవాళ్లకి లాభం లేదు. మధ్యలో హేస్, ఈలింగ్ లాంటి చోట దిగేవాళ్లకి పనికొస్తుంది. ఒక జాగ్రత్త: రెడింగ్ దాకా కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు చెల్లుతుంది, లండన్ రవాణా వాళ్ల ఆయిస్టర్ కార్డు మధ్యలో వెస్ట్ డ్రేటన్ స్టేషన్ దాటాక చెల్లదు.

అయితే ఈ సుఖం కావర్షమ్ మొత్తానికీ లేదు. కావర్షమ్ హైట్స్ గుట్టమీద ఉంది. వెళ్లేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు ఎక్కుడు, నడక అరగంట పైమాటే. ఎమర్ గ్రీన్ ఇంకా దూరం. ప్రకటనలో 'కావర్షమ్' అని రాసినంత మాత్రాన స్టేషన్‌కి దగ్గర అనుకోకండి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కారు స్టేషన్ దగ్గరే వదిలి, గడియారం చూసుకుంటూ ఆ ఇంటికి నడవండి.

స్టేషన్‌కి దగ్గరగా ఉన్న ఆ పల్లపు వీధులకే వరద భయం కూడా. 1947 మార్చిలో అక్కడి వీధులు మునిగాయి. 2014 ఫిబ్రవరిలోనూ, 2024 జనవరిలోనూ నది పొంగింది. గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెడితే చాలనుకోవడం పొరపాటు. ఇళ్ల కింద ఉన్నది గులకరాళ్ల పొర. నది నిండితే నీరు ఆ పొరలోంచి ఊరి, చెక్క నేల కిందికి వస్తుంది. కాబట్టి పోస్ట్‌కోడ్‌తో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దీర్ఘకాల వరద ముప్పు చూడండి. నది వరద, వాన నీటి వరద, భూగర్భ జలం మూడింటినీ విడివిడిగా చదవండి. కొనేవాళ్లు అమ్మేవాళ్లతో సంతకాల కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకోకముందే బీమా కొటేషన్ తెచ్చుకోవాలి. ఫ్లడ్ రీ అనే పథకం వల్ల ముప్పున్న ఇళ్లకి బీమా కొంత అందుబాటు ధరలో దొరుకుతుంది, కానీ 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్లకి అది వర్తించదు. కొత్త ఇల్లయితే వరద గోల ఉండదనుకునేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. అద్దెకుండేవాళ్లు ఇంటి యజమాని బీమా తమ సామాన్లకి వర్తించదని గుర్తుంచుకుని, సామాన్లకి వేరే బీమా తీసుకోవాలి.

ఇక వుడ్లీ. ఇక్కడ ఒకప్పుడు విమానాశ్రయం ఉండేది, మైల్స్ కంపెనీ విమానాలు తయారు చేసేది. 1931లో డగ్లస్ బేడర్ అనే పైలట్ విమానం కూలి రెండు కాళ్లూ పోగొట్టుకున్నది ఈ మైదానంలోనే. ఇప్పుడు అక్కడ ఇళ్లొచ్చాయి, ఒక రోడ్డుకి బేడర్ వే అని పేరు. నేల చదును, ఇళ్లలో ఎక్కువ భాగం 1960ల నుంచి 80ల దాకా కట్టినవి, ముందు కారు పెట్టుకునే జాగా ఉంటుంది. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కావర్షమ్ పాత వరస ఇళ్లకి వీధిలోనే పార్కింగ్, చాలాచోట్ల పర్మిట్ కావాలి, ఇంటి దగ్గర చార్జర్ బిగించుకునే వీలుండదు. ఆ ఇళ్ల గోడలు మధ్యలో ఖాళీ లేని గట్టి ఇటుక గోడలు, త్వరగా చల్లబడతాయి. మన తిరగమోత, అన్నం ఆవిరి ఆ గోడలకి తగిలి నీరై, మూలల్లో నల్లటి బూజు పడుతుంది. కావర్షమ్‌లో ఇల్లు చూస్తే వంటింటి ఫ్యాను గాలిని బయటికి పంపుతుందా, లేక వడగట్టి లోపలికే తిప్పుతుందా అన్నది తప్పక చూడండి.

బడి విషయంలో వుడ్లీకి కొంత మొగ్గు. పరీక్ష పెట్టి చేర్చుకునే రెండు గ్రామర్ స్కూళ్లూ, అంటే మగపిల్లల రెడింగ్ స్కూల్, ఆడపిల్లల కెండ్రిక్, నదికి దక్షిణానే ఉన్నాయి. వుడ్లీ పిల్లలకి లండన్ రోడ్ వైపు వెళ్లే బస్సు చాలు. కావర్షమ్ పిల్లలు నది దాటి, పట్నం దాటి వెళ్లాలి. మామూలు సెకండరీ బడులు వుడ్లీలో వేంగెల్స్, బల్మర్ష్, కావర్షమ్ వైపు హైడౌన్. కావర్షమ్ రెడింగ్ కౌన్సిల్ కిందికి, వుడ్లీ వోకింగ్‌హామ్ కౌన్సిల్ కిందికి వస్తాయి. బడి ఏ కౌన్సిల్‌లో ఉన్నా దరఖాస్తు మీ ఇల్లున్న కౌన్సిల్‌కే పెట్టాలి. సెకండరీకి అక్టోబరు 31, ప్రైమరీకి జనవరి 15 గడువు. గ్రామర్ పరీక్ష బడిలో ఇయర్ 6 మొదట్లోనే ఉంటుంది కాబట్టి దానికి పేరు అంతకుముందు వేసవిలోనే నమోదు చేయాలి. అది వేరే దరఖాస్తు.

రాయల్ బెర్క్‌షైర్ ఆసుపత్రి కూడా లండన్ రోడ్‌లోనే ఉంది. రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే వుడ్లీ నుంచి నేరుగా వెళ్లొచ్చు. కరివేపాకు, గోంగూర కోసం వోకింగ్‌హామ్ రోడ్ దుకాణాలు వుడ్లీకే దగ్గర. విట్లీ స్ట్రీట్‌లోని హిందూ దేవాలయానికి కావర్షమ్ నుంచి పట్నం మధ్యలోంచి పోవాలి.

ఇన్ని ఉన్నా వుడ్లీకి రైలు సుఖం లేదు. ఊరి మధ్యలో స్టేషన్ లేదు. దక్షిణపు అంచున ఉన్నవాళ్లు ఎర్లీ స్టేషన్‌కి నడవగలరు, కానీ ఆ లైన్ లండన్‌లోని వాటర్లూ స్టేషన్‌కి గంటకు పైగా తీసుకుంటుంది. రెడింగ్ స్టేషన్ దాదాపు నాలుగు మైళ్లు, పొద్దున బస్సులో అరగంట పట్టొచ్చు. ఆలస్యమైతే రైలు పోతుంది. ట్వైఫర్డ్‌కి కారులో వెళ్లి రైలెక్కేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి పార్కింగ్ ఖర్చు అదనం.

లండన్‌కి వారంలో మూడు రోజులకు మించి వెళ్లాలంటే నేను కావర్షమ్ అంటాను. అదీ నడక దూరంలో ఉండి, వరద పటంలో ముప్పు తక్కువని తేలిన వీధి దొరికితేనే. ఆఫీసు విన్నర్ష్ ట్రయాంగిల్‌లోనో థేమ్స్ వ్యాలీ పార్క్‌లోనో ఉంటే వుడ్లీయే, సైకిల్ మీద కూడా వెళ్లొచ్చు.

లోయర్ ఎర్లీ గురించి కూడా అడుగుతుంటారు. అది 1970ల చివర్లో మొదలైన కాలనీ. ఇళ్లు బాగుంటాయి, ఆస్డా సూపర్‌మార్కెట్ ఉంది, రైలు విషయంలో వుడ్లీ పరిస్థితే. టైల్‌హర్స్ట్‌కి సొంత స్టేషన్ ఉంది కానీ ఊరు గుట్టమీద, స్టేషన్ నది పక్కన పల్లంలో. రోజూ సాయంత్రం ఆ గుట్ట ఎక్కగలిగితే దాన్నీ ఒకసారి చూడండి.