నాలుగు ప్లాట్లకు ఒకే శీర్షిక: ఏది మేలు?

గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ డేటాసెట్ చాలామందికి తెలిసిందే. 1973 మే నుంచి సెప్టెంబరు దాకా 153 రోజుల పాటు న్యూయార్క్‌లో నమోదైన ఓజోన్, సౌర వికిరణం, గాలి వేగం, ఉష్ణోగ్రత అందులో ఉంటాయి. నాలుగింటికీ నాలుగు ప్లాట్లు, అంటే గ్రాఫులు గీసి, రెండు వరుసల్లో పేర్చడం ఎంతసేపు? చిక్కంతా ఆ తర్వాతే. అన్నింటికీ కలిపి పైన "న్యూయార్క్ గాలి, 1973" అని ఒక్కసారి రాయాలి. అలవాటు కొద్దీ టైటిల్ ఫంక్షన్ వాడతాం. ఆ శీర్షిక తిన్నగా వెళ్లి నాలుగో ప్లాటు నెత్తిన కూర్చుంటుంది. బేస్ ఆర్‌లో, అంటే అదనపు ప్యాకేజీలు లేని ఆర్‌లో ఇంతే, గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్‌తో గీసి ప్యాచ్‌వర్క్ ప్యాకేజీతో కలిపిన ప్లాట్లలో ఇంతే, పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ ఇంతే. మామూలు టైటిల్ ఫంక్షన్‌కి తెలిసింది చివరగా గీసిన ప్లాటు ఒక్కటే.

దీనికి ఆర్‌లో కనీసం అయిదు దారులున్నాయి. శీర్షిక రాయడం వాటిలో దేనికీ కష్టం కాదు. తేడా అంతా ఆ శీర్షికకు చోటు ఎవరు చూస్తారన్న దగ్గరే. కొన్ని పద్ధతుల్లో చోటు మనమే ముందుగా వదలాలి, కొన్నింటిలో అదే చూసుకుంటుంది. నేను ఎంచుకునేది ఈ లెక్కనే.

అసలు ఉమ్మడి శీర్షిక సమస్యే రాని దారి ఒకటుంది: ఫేసెట్. ఒకే కొలతను ఊళ్ల వారీగానో నెలల వారీగానో విడదీసి చూపిస్తుంటే, నాలుగు ప్లాట్లు విడివిడిగా గీసి అతికించడం వృథా శ్రమ. ఫేసెట్‌తో గీస్తే జీజీప్లాట్ దృష్టిలో అది ఒక్కటే ప్లాటు, మామూలు శీర్షికే అన్నింటికీ పైన వస్తుంది. ఎయిర్‌క్వాలిటీకి మాత్రం ఇది అంతగా నప్పదు. ఓజోన్ పీపీబీలో (వంద కోట్ల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క), గాలి గంటకు మైళ్లలో, ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో ఉన్నాయి. డేటాను నిలువుగా మలిచి, ఒక్కో ప్యానెల్‌కి వై యాక్సిస్ స్కేలు వదులు చేసి లాక్కురావచ్చు కానీ, యూనిట్లను ప్యానెల్ పట్టీల్లో ఇరికించాల్సి వస్తుంది. అలాంటప్పుడు విడి ప్లాట్లే నయం.

బేస్ ఆర్ విషయానికొస్తే, ఇక్కడ చోటు బాధ్యత పూర్తిగా మనదే. పార్ ఫంక్షన్‌లో ఓఎంఏ అని ఒక సెట్టింగ్ ఉంది, అంటే బయటి మార్జిన్. కింద, ఎడమ, పైన, కుడి అనే వరుసలో నాలుగు అంకెలు. డిఫాల్ట్‌గా నాలుగూ సున్నాలే. పైన మూడు లైన్లు వదిలి, ప్లాట్లు గీసి, ఆ తర్వాత మార్జిన్‌లో అక్షరాలు రాసే ఎంటెక్స్ట్ ఫంక్షన్‌ని అవుటర్ ట్రూ అని పిలిస్తే శీర్షిక చక్కగా వస్తుంది. ఓఎంఏ పెట్టడం మర్చిపోతే? ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు, శీర్షికా కనపడదు. అది పేజీ బయట ఎక్కడో రాసుకుపోతుంది. కొందరు దీనికి విరుగుడుగా లైన్ విలువను మైనస్ రెండు అని పెట్టి శీర్షికను కిందికి లాగుతారు. ప్యానెల్స్‌కి సొంత శీర్షికలు లేనంతవరకు అది పనిచేస్తుంది, ఉంటే ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఇక్కడే ఇంకో చిన్న మెలిక. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు పెట్టగానే ఆర్ అక్షరాల పరిమాణాన్ని 0.83కి తగ్గిస్తుంది. ఏ వరుసలైనా మూడు, అంతకుమించి అయితే 0.66కి. టైటిల్ ఫంక్షన్‌ని అవుటర్‌తో వాడితే దాని అక్షరాలూ ఆ మేరకు చిన్నవవుతాయి. ఎంటెక్స్ట్ ఆ తగ్గింపును పట్టించుకోదు, మనం ఇచ్చిన సైజే దానికి లెక్క. ప్యానెల్స్ సంఖ్య మారినా శీర్షిక సైజు మారకూడదంటే ఎంటెక్స్టే మేలు. బోల్డ్ మాత్రం మనమే అడగాలి.

లేఅవుట్ ఫంక్షన్‌తో పైన ఒక సన్నని గడిని శీర్షిక కోసమే కేటాయించే పద్ధతీ ఉంది. ఒక్కో వరుసకు ఒక్కో ఉపశీర్షిక కావాలంటే బాగా పనికొస్తుంది. ఆ సన్నని గడికి మార్జిన్లు సున్నా చేయడం మరిస్తే "మార్జిన్లు మరీ పెద్దవి" అంటూ ఆర్ ఆగిపోతుంది. మౌనంగా శీర్షికను మింగేసే ఓఎంఏ కన్నా ఇలా గట్టిగా అరిచేదే నాకిష్టం.

జీజీప్లాట్ వాడేవాళ్ల ముందు మూడు ప్యాకేజీలున్నాయి. వయసులో పెద్దది గ్రిడ్‌ఎక్స్‌ట్రా. గ్రిడ్ అరేంజ్‌లో టాప్ అని శీర్షిక ఇస్తే చాలు, చోటు అదే చూసుకుంటుంది. అంతకన్నా సులువు ఏముంటుంది అనిపిస్తుంది, సేవ్ చేసేదాకా. ఒకసారి ఒక నివేదిక కోసం నాలుగు ప్యానెల్స్‌నీ ఇలాగే పేర్చి, తెర మీద చూసుకుని, వెంటనే జీజీసేవ్ కొట్టాను. మర్నాడు ఫైల్ తెరిచిన సహోద్యోగి "మిగతా మూడు ఏవీ?" అని అడిగారు. జీజీసేవ్ దాచేది చివరి జీజీప్లాట్‌ని. గ్రిడ్ అరేంజ్ గీసిన బొమ్మ దాని లెక్కలోకే రాదు. అరేంజ్‌గ్రాబ్‌తో చేసి, ఆ ఫలితాన్ని పేరు పెట్టి జీజీసేవ్‌కి అందించాలి. పైగా వై యాక్సిస్ అంకెల వెడల్పు వేర్వేరుగా ఉంటే ప్యానెల్స్ అంచులు ఒక గీతలో కలవవు.

కౌప్లాట్‌లో ఆ అంచుల్ని కలపమని అడగొచ్చు. శీర్షిక దగ్గర మాత్రం చుట్టుదారే: శీర్షికను ఒక ఖాళీ ప్లాటుగా చేసి, మిగతా బొమ్మ మీద పేర్చి, ఎత్తులు 0.1, 1 అన్న నిష్పత్తిలో ఇవ్వాలి. బొమ్మ 6 అంగుళాల ఎత్తుంటే శీర్షికకు అర అంగుళం పైచిలుకు దక్కుతుంది, బాగానే ఉంటుంది. అదే బొమ్మను 12 అంగుళాలకు పెంచితే ఆ పట్టీ అంగుళం దాటుతుంది, అక్షరాలు మాత్రం అంతే ఉంటాయి. ఎత్తు మార్చినప్పుడల్లా నిష్పత్తి సవరిస్తూ కూర్చోవాలి.

ప్యాచ్‌వర్క్‌లో ఈ బాధ లేదు. ప్లాట్లను ప్లస్ గుర్తుతో కలిపి, ప్లాట్ యానోటేషన్‌లో శీర్షిక ఇస్తే, అక్షరాల సైజును బట్టి చోటు అదే వదులుతుంది. ఉపశీర్షిక, అడుగున వివరణ, ప్యానెల్స్‌కి ఏ, బీ, సీ గుర్తులు అన్నీ అక్కడే. అంచులు వాటంతటవే కలుస్తాయి. జీజీసేవ్ కూడా దీన్ని మామూలు ప్లాటులాగే దాస్తుంది. జీజీప్లాట్‌తో గీసేవాళ్లకు నా ఓటు దీనికే, రెండో ఆలోచన లేదు. తెలుసుకోవాల్సిన మెలికలు రెండు. ప్యానెల్స్ అన్నింటికీ ఒకేసారి థీమ్ (రంగులు, అక్షరాల తీరు) మార్చడానికి ప్లస్ బదులు యాంపర్సాండ్ (&) వాడతాం కదా, ఆ మార్పు ఉమ్మడి శీర్షికకూ అంటుకుంటుంది. రెండోది, శీర్షిక ఉన్న ఒక గుంపును తీసుకెళ్లి ఇంకో గుంపులో చేరిస్తే లోపలి శీర్షిక మాయమవుతుంది, పైస్థాయి శీర్షికే మిగులుతుంది. రెండూ కావాలంటే లోపలి గుంపును ర్యాప్ ఎలిమెంట్స్‌తో చుట్టాలి.

అలాగని బేస్ ఆర్‌లో నడుస్తున్న పాత స్క్రిప్ట్‌ని శీర్షిక ఒక్కదాని కోసం జీజీప్లాట్‌లోకి తిరగరాయకండి. ఓఎంఏకి ఒక లైను, ఎంటెక్స్ట్‌కి ఒక లైను, అంతటితో పని అయిపోతుంది.

పైథాన్ వైపు వాళ్లకు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఉమ్మడి శీర్షిక కోసం సప్‌టైటిల్ ఉంది. ప్యానెల్స్ మధ్య చోటు సర్దే టైట్ లేఅవుట్ ఒకప్పుడు దాన్ని లెక్కచేసేది కాదు, శీర్షిక పోయి ప్యానెల్ శీర్షికల మీద పడేది. 2020లో వచ్చిన 3.3 వెర్షన్‌తో అది సర్దుకుంది. పాత స్క్రిప్టుల్లో ప్యానెల్స్‌ని బొమ్మ ఎత్తులో 0.95 దగ్గర ఆపమనే సర్దుబాట్లు కనిపించేది అందుకే. ఇప్పుడు అదే పని చేసే కొత్త పద్ధతి కాన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ వాడి, శీర్షిక ఎత్తును మీరు చేత్తో ఇవ్వకుండా వదిలేయడం మంచిది. ఇచ్చారంటే చోటు బాధ్యత మళ్లీ మీ మీదికే వస్తుంది. మ్యాట్‌ల్యాబ్‌లో 2018బి వెర్షన్ నుంచి ఇదే పనికి ఎస్‌జీటైటిల్ ఉంది, దాని గురించి చెప్పడానికి అంతకన్నా ఏమీ లేదు.

ఏ దారిన పోయినా, ఉమ్మడి శీర్షిక కుదిరాక ప్యానెల్ శీర్షికల్ని ఒకసారి మళ్లీ చదవండి. "న్యూయార్క్ ఓజోన్, 1973" అని ఉన్నచోట ఇక "ఓజోన్ (పీపీబీ)" చాలు. పరిశోధనా పత్రిక కోసమైతే, బొమ్మ కింద వివరణ ఎలాగూ రాస్తారు కాబట్టి, పై శీర్షికే తీసేయాల్సి రావచ్చు. అందుకే దాన్ని ఎప్పుడూ విడిగా, ఒక్క లైనులో ఉంచుతాను.