వినగా వినగా: బోర్డ్స్ ఆఫ్ కెనడా ఈపీ

ఎలక్ట్రానిక్ సంగీతం చేసే బోర్డ్స్ ఆఫ్ కెనడా వాళ్ల 'ఇన్ ఎ బ్యూటిఫుల్ ప్లేస్ అవుట్ ఇన్ ది కంట్రీ'ని 12 ఏళ్లుగా వింటున్నాను. 2000లో వార్ప్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసిన ఈపీ, అంటే ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు, ఇది. నాలుగే ట్రాకులు, మొత్తం 24 నిమిషాలు. పేరులో కెనడా ఉంది గానీ చేసింది స్కాట్లండ్ అన్నదమ్ములు.

మొదట్లో నేను విన్నానంటే అబద్ధమే. పెట్టుకుని పని చేసుకునేవాణ్ణి. ఫోన్ స్పీకర్లో 'కిడ్ ఫర్ టుడే' నీరసంగా వినిపించేది. మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాక తెలిసింది, దాని ప్రాణం సగం అడుగున ఉన్న బేస్‌లో ఉందని. పైన పలికే సింథ్ మాత్రం నిలకడగా ఉండదు, సాగిపోయిన టేపులా ఊగుతుంది. క్యాసెట్‌లో పెన్సిల్ దూర్చి తిప్పిన వాళ్లకి ఆ ఊగు తెలిసిందే. శ్రుతి సరిచేస్తే ఇందులో ఇక వినడానికేమీ మిగలదు.

ఈపీకి పేరిచ్చిన ట్రాకులో వోకోడర్ (మనిషి గొంతుని యంత్రం పలికినట్టు మార్చే పరికరం) గొంతు ఒకటి పిలుస్తుంటుంది: ఊరికి దూరంగా అందమైన చోట ఒక మత సమాజం ఉంది, వచ్చి అక్కడ బతకమని. మాటలు సరిగ్గా తెలియక చాన్నాళ్లు హాయిగానే విన్నాను. తర్వాత, ఇందులోనే ఇంకో ట్రాకుకి పెట్టిన 'ఆమో బిషప్ రోడెన్' అన్నది ఎవరి పేరో చదివాను. టెక్సస్‌లోని వేకో దగ్గర ఉండే బ్రాంచ్ డేవిడియన్లు అనే మత వర్గానికి చెందినావిడ. 1993లో అక్కడే ఆ వర్గం మీద ప్రభుత్వ బలగాల 51 రోజుల ముట్టడి. చివరి రోజు మంటల్లో పిల్లలతో సహా డెబ్బై మందికి పైగా పోయారు. అది చదివిన రాత్రి మళ్లీ పెట్టుకుంటే, అదే గొంతుకి ఒళ్లు జలదరించింది. పాట చివరిదాకా వినలేక ఆపేశాను.

ఆవిడ పేరు పెట్టిన ట్రాకు మీదే నా ఫిర్యాదు. ఆరు నిమిషాలూ ఉన్నచోటే ఉంటుంది. నాలుగో నిమిషం దాటేసరికి నా చెయ్యి తర్వాతి పాట మీదికి పోతుంది, ఇప్పటికీ.

'జోయిట్రోప్'ని ఏళ్ల తరబడి దాటేసేవాణ్ణి. డ్రమ్స్ ఉండవు, చిన్న చిన్న స్వరాలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతుంటాయి, అంతే. జోయిట్రోప్ అంటే గుండ్రంగా తిప్పి, సందుల్లోంచి చూస్తే లోపలి బొమ్మలు కదిలినట్టు కనిపించే పాతకాలపు ఆటవస్తువు. ఆ సంగతి తెలిశాక చెవులు తెరుచుకున్నాయి. ఇప్పుడు రాత్రి దీపం ఆర్పాక తక్కువ సౌండ్‌తో ఇదొక్కటే పెట్టుకుంటాను. నాలుగింటిలోకీ చిన్నది, ఐదు నిమిషాల పైచిలుకు. ఇంకో పది నిమిషాలు తిప్పితే వీళ్ల సొమ్మేం పోయేది!