ముల్లు, రేంజి అంకె, స్క్రీన్ సగటు: చాన్నాళ్లు వాడాక నా మాట

మాది చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు, 40 లీటర్లకు కాస్త అటూ ఇటూగా ట్యాంకు. ఇంధనం సంగతి చెప్పేవి ఇందులో మూడున్నాయి. ఒకటి డ్యాష్‌బోర్డు మీద ముల్లు. రెండోది ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో చెప్పే రేంజి అంకె. మూడోది స్క్రీన్ మీద కనిపించే సగటు మైలేజీ. కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఈ మూడూ ఒకే మాట మీద నిలబడిన రోజులు తక్కువ. అలాగని ఏదీ పనికిరానిది కాదు. దేన్ని ఎంతవరకు నమ్మాలో తెలియడానికే నాకు కొంత కాలం పట్టింది.

ముందు ముల్లు. ఫుల్ ట్యాంకు కొట్టించి బయల్దేరితే చాలా దూరం వరకు పైగీత దగ్గరే కూర్చుంటుంది. ఏం మైలేజీ ఇస్తోందిరా బాబూ అని మనం మురిసిపోతాం. సగం దాటాక మాత్రం చూస్తుండగానే దిగిపోతుంది. ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఫ్లోటు ఒకటి ఉంటుంది. దానికో కడ్డీ, ఆ కడ్డీ కదిలేకొద్దీ మారే రెసిస్టెన్సు, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం. ముల్లుకు అందే సమాచారం అంతే. పెట్రోలు బాగా పైకి వచ్చాక ఫ్లోటు తన హద్దు దగ్గర ఆగిపోతుంది. ఆ పైన పోసింది దానికి తెలియదు. అంత మేరా ఖర్చయ్యేదాకా ఫ్లోటూ దిగదు, ముల్లూ దిగదు. పైగా ట్యాంకు చక్కటి డబ్బాలా ఉండదు, వెనక సీటు కింద దొరికిన చోట్లో ఒదిగేలా వంకరటింకరగా చేస్తారు. ఫ్లోటు కొలిచేది ఎత్తును, లీటర్లను కాదు. ఇరుకుగా ఉన్న చోట ఒక్క లీటరు తగ్గినా మట్టం ఎక్కువ దిగుతుంది. ఈ తేడాను సర్దే లెక్కను కొన్ని కార్లలో మీటరుకే నేర్పి పెడతారు. మా దానికి ఆ చదువు కాస్త తక్కువే అనుకుంటా.

మలుపు తిరిగినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ లోపల పెట్రోలు అటూ ఇటూ ఊగుతుంది. దాంతో పాటు ముల్లు కూడా ఊగకుండా కావాలనే దాన్ని నెమ్మదిగా కదిలేలా చేస్తారు. ఏటవాలుగా ఆపిన బండిలో ముల్లు చెప్పేది అసలు పట్టించుకోకూడదు. సమతలం మీదికి వచ్చి కాసేపు నడిపాకే అది సర్దుకుంటుంది.

రిజర్వ్ లైటు గురించి మాత్రం నాకు ఫిర్యాదు లేదు. వెలిగాక ట్యాంకులో ఇంకా ఎన్ని లీటర్లుంటాయో కారు మాన్యువల్‌లో చూసుకోవచ్చు. ఇలాంటి చిన్న కార్లలో సాధారణంగా 5 లీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ ధైర్యంతో రోజూ లైటు వెలిగేదాకా తిప్పడం మంచి అలవాటు కాదు. ఇంధన పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. మట్టం ఎప్పుడూ అడుగంటి ఉంటే పంపు వేడెక్కి త్వరగా పోతుంది.

మీటరులో పంపు బొమ్మ పక్కన చిన్న త్రికోణం ఉంటే, అది ట్యాంకు మూత ఏ వైపుందో చూపిస్తుంది. ఏళ్లుగా నడిపేవాళ్లలోనూ ఇది గమనించనివాళ్లున్నారు. సొంత కారులో దీని అవసరం పెద్దగా రాదు గానీ, అద్దె కారు తీసుకున్నప్పుడు బంకులో చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

రేంజి అంకె సంగతి వేరు. ఈ మధ్య మనం నడిపిన తీరులో లీటరుకు ఎంత వచ్చిందో చూసి, మిగిలిన పెట్రోలుతో గుణించి చెబుతుంది. అందుకే ట్రాఫిక్‌లో ఓ గంట నలిగితే టకటకా పడిపోతుంది. ఆ వెంటనే హైవే ఎక్కితే, కిలోమీటర్లు పోతున్నా అంకె తగ్గకపోగా కొన్నిసార్లు పెరుగుతుంది. మొదట్లో దీన్ని చూసి నవ్వొచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది. రేంజి వంద పైన ఉన్నంత వరకు నమ్ముతాను. అంతకంటే తగ్గితే అంకె వైపు చూడకుండా బంకు వైపు చూస్తాను. టెన్షన్ పడి చివరి చుక్కదాకా పరీక్షించే సరదా నాకు లేదు.

స్క్రీన్ మీద సగటు మైలేజీని కారు ట్యాంకు చూసి చెప్పదు. ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్న దాన్ని బట్టి ఎంత పెట్రోలు పోయిందో అంచనా వేస్తుంది. మా కారులో ఇది నా లెక్క కంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపిస్తుంది. మొహమాటానికి మెచ్చుకునే చుట్టంలాంటిది. కానీ ఆ పెంపు దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది కాబట్టి పోల్చి చూడటానికి బాగుంటుంది. ఒకే దారిలో ఏసీ వేసి ఒకసారి, ఆపి ఒకసారి నడిపి చూస్తే తేడా దీన్లోనే తెలుస్తుంది. అప్పటికప్పుడు మారే మైలేజీ చూపించే గీత ఇంకా సరదాగా ఉంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే అది చివరికంటా పోతుంది, ఎందుకంటే ఆ క్షణంలో ఇంజెక్టర్లు పెట్రోలు వదలడం ఆపేస్తాయి. చక్రాలే ఇంజన్ను తిప్పుతుంటాయి. అదే న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు తాగాల్సిందే. పల్లంలో న్యూట్రల్ వేస్తే ఆదా అనే పాత నమ్మకం ఈ కార్లకు వర్తించదు, పైగా ఇంజన్ బండిని వెనక్కి పట్టి వేగం తగ్గించే ఇంజన్ బ్రేకింగ్ కూడా పోతుంది.

ఈ మూడింటి కంటే నేను ఎక్కువ నమ్మేది గ్లవ్‌బాక్సులోని చిన్న నోటు పుస్తకాన్ని. ట్యాంకు నింపించి, బంకు పంపు ఆటో కట్ అవ్వగానే, అంటే నిండి తనంతట తనే ఆగగానే, ఇక చాలని చెప్పి, ట్రిప్ మీటరు సున్నా చేస్తాను. మళ్లీ నింపినప్పుడు పోసిన లీటర్లతో నడిచిన కిలోమీటర్లను భాగిస్తాను. మధ్యలో సగం సగం పోయించినా ఫర్వాలేదు, ఆ లీటర్లనూ కలుపుకుంటే సరి. వీలైనంత వరకు అదే బంకు, అదే పంపు అయితే మంచిది, ఆటో కట్ అన్నిచోట్లా ఒకే మట్టం దగ్గర పడదు. తక్కువ పోయించి లెక్కేస్తే ఈ తేడా పెద్దదవుతుంది. 10 లీటర్ల లెక్కలో ఒక లీటరు తేడా అంటే 10 శాతం, 35 లీటర్లలో అదే 3 శాతం కూడా ఉండదు. కట్ అయ్యాక 'ఇంకాస్త పట్టుద్ది సార్' అని కుదించి కుదించి పోయించుకోవద్దు. లెక్క చెడటం ఒకెత్తు, ఆవిర్లను పట్టుకునే కార్బన్ క్యానిస్టర్‌లోకి పెట్రోలు చేరితే అది పాడవ్వడం ఇంకొకెత్తు.

పుస్తకంలో చాలామంది తడబడేది సగటు దగ్గర. ఊళ్లో 200 కిలోమీటర్లు లీటరుకు 10 చొప్పున, హైవేలో 200 కిలోమీటర్లు లీటరుకు 20 చొప్పున వచ్చాయనుకుందాం. సగటు 15 కాదు. ఊళ్లో 20 లీటర్లు, హైవేలో 10 లీటర్లు, మొత్తం 30 లీటర్లకు 400 కిలోమీటర్లు, అంటే 13.3. ఎప్పుడైనా మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతోనే భాగించాలి. ఇంకో తమాషా ఉంది. లీటరుకు 10 ఇచ్చే బండి 12 ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చేది 24 ఇస్తే మిగిలేది 8 పైచిలుకే. రెండూ 20 శాతం పెరుగుదలే మరి. కొన్ని దేశాల్లో 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చెప్పుకోవడం నాకు ఇందుకే నచ్చుతుంది.

ఒక్క ట్యాంకు అంకె చూసి కంగారు పడను. వరసగా కొన్ని ట్యాంకుల్లో తగ్గుతూ వస్తేనే వెతుకుతాను. ఒకసారి అలా మెల్లమెల్లగా పడిపోతుంటే ముందు టైర్లలో గాలి చూశాను, సరిగ్గానే ఉంది. తర్వాత కాస్త దూరం నడిపి ఆపి చూస్తే ఒక చక్రం మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంది. బ్రేకు పూర్తిగా వదలకుండా పట్టేస్తోంది. ముల్లూ రేంజీ ఆ సంగతి చెప్పలేదు, స్క్రీన్ సగటును నేను ఎప్పుడో సున్నా చేసి మర్చిపోయాను, పాత కిలోమీటర్లలో కలిసిపోయి ఈ తగ్గుదల దాన్లో కనపడలేదు.

తగ్గిన ప్రతిసారీ బండిదే తప్పని కాదు. ఇంజన్ వేడెక్కేలోపే ముగిసే చిన్న ప్రయాణాలు ఎక్కువైతే అంకె పడిపోతుంది. పెట్రోలులో ఇథనాల్ పాలు పెరిగినా అంతే, లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. అరిగిన టైర్లు దీనికి తలకిందులుగా మోసం చేస్తాయి. చుట్టుకొలత తగ్గి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ కిలోమీటర్లు వేస్తుంది, మైలేజీ ఒకటి రెండు శాతం మెరుగైనట్టు కనిపిస్తుంది. కొత్త టైర్లు వేయించగానే మైలేజీ పడిపోయిందని బాధపడేవాళ్లు ఇదీ లెక్కలోకి తీసుకోవాలి.

ఫోన్లో ఇదంతా రాసుకునే యాప్‌లున్నాయి, గ్రాఫులు కూడా గీస్తాయి. కొన్నాళ్లు వాడి మళ్లీ పుస్తకానికే వచ్చాను, బంకులో వెనక బండి హారన్ కొడుతుంటే పెన్నుతో రెండు అంకెలు రాయడమే తేలిక.

ఇప్పుడొచ్చే చాలా కార్లలో ముల్లు పోయి గీతలు వచ్చాయి. 40 లీటర్ల ట్యాంకుకు 8 గీతలంటే గీతకు సుమారు 5 లీటర్లు. చివరి గీత వెలుగుతోందంటే ఉన్నది నాలుగున్నర లీటర్లా అర లీటరా అన్నది తెలియదు. మళ్లీ కారు కొంటే గీతలది మాత్రం తీసుకోను. ముల్లైనా ఉండాలి, లేదంటే మిగిలిన లీటర్లను నేరుగా అంకెలో చూపించాలి.