చెరువు మీదకి సెకండ్ హ్యాండ్ జనరేటర్ కొంటున్నారా, లోడ్ పెట్టి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

వనామీ రొయ్యలు వేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, రాత్రి కరెంటు పోయి నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే ఏమవుద్దో. ఆ భయంతోనే సంక్రాంతి ముందు హడావిడిగా 62.5 కేవీఏ పాత డీజీ (డీజిల్ జనరేటర్) ఒకటి తీసుకున్నా, నాలుగు సిలిండర్లది. షాపు పేరు రాయను, గొడవ ఇంకా నడుస్తుంది. వాళ్ళ షెడ్లో స్టార్ట్ చేసి చూపిస్తే కుట్టుమిషన్ లాగా ఆడింది, కొత్త పెయింటు, కింద కొత్త రబ్బరు ప్యాడ్లు. మేం వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంది, లోడ్ అంటే ఒక్క బల్బు కూడా పెట్టలేదు, అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

చెరువు దగ్గర దింపి పది ఏరేటర్లు వేయగానే కానోపీ (సెట్టు చుట్టూ ఉండే రేకు డబ్బా) తలుపులు గడగడలాడటం మొదలు. పన్నెండో రోజుకి సైలెన్సర్ బెల్లో (ఇంజన్‌కీ సైలెన్సర్‌కీ మధ్య వంగే పైపు) పగిలింది, ఆ వెనకే డీజిల్ రిటర్న్ పైపు నెర్రిచ్చింది. ఫోన్ చేస్తే "డీజీ అన్నాక ఊగదా అండి, మీ బెడ్ లెవెల్ లేదు" అన్నాడు. నమ్మి 38 వేలు పెట్టి కొత్త కాంక్రీట్ బెడ్ పోయించా, వెధవ పని, ఇసుమంత కూడా తగ్గలేదు.

చివరికి భీమవరం నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం. ఆయన ముందు ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కోటి లూజు చేశాడు. ఒకటి, రెండు, నాలుగు లూజు చేస్తే ఇంజన్ సౌండ్ దిగింది, మూడోది లూజు చేస్తే ఏ మార్పూ లేదు, అంటే అది అప్పటికే చచ్చి ఉంది. 1500 ఆర్‌పీఎమ్‌లో ఒక్కో సిలిండర్ సెకనుకి పన్నెండున్నర సార్లు కొట్టాలి, ఒకటి ఎగ్గొడితే మొత్తం సెట్టు కుంటినట్టు ఊగుద్దంట. ఇంజెక్టర్ మారిస్తే ఆ కుంటు పోయింది గానీ వణుకు పోలేదు. అప్పుడు లోడ్ తీసేసి, వోల్టేజిని అదుపు చేసే ఏవీఆర్ ఫ్యూజు పీకాడు, వోల్టేజి పోయింది, ఇంజన్ మాత్రం తిరుగుతుంది. ఇప్పుడు వణుకు తగ్గితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వైండింగ్ చూడాలి, తగ్గకపోతే దాన్ని ఇంజన్‌కి కలిపే కప్లింగ్ చూడాలి అన్నాడు. తగ్గలేదు.

టార్చ్ వేసి చూస్తే ఆల్టర్నేటర్ ఎడమ కాలు కింద నూనె డబ్బా రేకు కత్తిరించి దోపారు, మీద పెయింటు కొట్టేశారు! బోల్టు లూజు చేయగానే కాలు పైకి లేచింది. ఆల్టర్నేటర్ ఊడదీస్తే ఫ్లైవీల్‌కి పట్టే డిస్క్ ప్లేట్లు బోల్టు బెజ్జాల దగ్గర చీలిపోయున్నాయి, బోల్టుల్లో రెండు వేరే సైజు. ఇంజన్ ఒక సెట్టుది, ఆల్టర్నేటర్ ఇంకో సెట్టుది, అతికించి అమ్మేశాడు. నేమ్ ప్లేట్ రివిట్లు కొత్తగా మెరుస్తుంటే కూడా నాకు వెలగలేదు చూడండి.

కాబట్టి చల్లటి ఇంజన్ మీదే స్టార్ట్ చేయమనండి. లోడ్ బ్యాంకు (టెస్టుకి లోడ్ ఇచ్చే పెట్టె) లేదంటే అద్దెకి తెప్పించైనా ఈ సైజు సెట్టుకి 60 ఆంపియర్లు దాకా ఎక్కించి అరగంట నడపమనండి, లోడ్ పెరిగే కొద్దీ వణుకు పెరిగితే వెనక్కి వచ్చేయండి. కానోపీ తలుపులన్నీ తీయించి ఆల్టర్నేటర్ కాళ్ళ కింద వేలు పెట్టి చూడండి, ఆపాకే పెట్టండి బాబూ. బెల్లో కొత్తదైతే పాతది ఎందుకు పోయిందో అడగండి.

షాపతను ఇప్పుడు "నడిపి చూపించాకే కదా తీసుకున్నారు" అంటున్నాడు. రొయ్యల పట్టుబడి అయ్యేదాకా అద్దె డీజీ మీద నడుపుతున్నా. ఆ రేకు ముక్క, చీలిన ప్లేట్లు దాచి ఉంచా, ఆకివీడు వైపు ఎవరన్నా వస్తే చూపిస్తా.