మోసినవాడి మాట: ఇషాపూర్ పిస్టల్, గ్లాక్ 19

విజయవాడలో పన్నెండేళ్లు గన్‌మన్‌గా పనిచేశాను. తొమ్మిదేళ్లు ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎం.ఎం. ఆటో పిస్టల్, చివరి మూడేళ్లు గ్లాక్ 19. రేంజిలో తప్ప బయట ఒక్క తూటా కూడా పేల్చలేదు, అమ్మవారి దయ. అందుకే ఇందులో గురి సంగతి తక్కువ, నడుము నొప్పి సంగతి ఎక్కువ.

ఇషాపూర్‌ది 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్‌కు మన దేశపు రూపం. 13 తూటాలు పట్టినా పిడి సన్నగా ఉండి చేతిలో ఇట్టే ఇమిడిపోతుంది. కానీ వెనక ఉండే ఆ హ్యామర్, అంటే తూటాను పేల్చే సుత్తి! పేల్చాక స్లైడ్ (పైన కదిలే భాగం) వెనక్కి వచ్చినప్పుడల్లా బొటనవేలి పక్క చర్మాన్ని కొరికేది. ఫైరింగ్ ఉన్న రోజు పండుమిరప పచ్చడితో అన్నం కలిపితే కళ్లలో నీళ్లు తిరిగేవి. మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీస్తే ట్రిగ్గర్ పనిచేయదు. రక్షణకే పెట్టారు, నిజమే. అయితే ఆయుధం అప్పగించేటప్పుడు ఛాంబర్ (పేలే తూటా ఉండే గది) ఖాళీ చేసి ట్రిగ్గర్ నొక్కి హ్యామర్ దించాలంటే ఖాళీ మ్యాగజైన్ మళ్లీ పెట్టాలి. డ్యూటీ దిగే తొందరలో పొరపాటున నిండుది పెట్టేవాడు ఒకడుంటాడు.

అన్నిటికన్నా పెద్ద బాధ తుప్పు. మే నెలలో బెంజ్ సర్కిల్ దగ్గర సఫారీ కోటు వేసుకుని రెండు గంటలు నిలబడితే చెమట పిస్టల్ పెట్టుకునే తోలు హోల్‌స్టర్‌లోకి ఇంకేది. ఒక రాత్రి బద్ధకించి తుడవకుండా అందులోనే వదిలేశాను. తెల్లారేసరికి స్లైడ్ మీద ఎర్రటి చుక్కలు.

గ్లాక్‌తో ఆ బాధ తీరింది. ఫ్రేము పాలిమర్ (గట్టి ప్లాస్టిక్), స్లైడుకు తుప్పు ఆపే పూత. 15 తూటాలు నింపినా 850 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఇషాపూర్ కిలో దాటేది. దసరాల్లో ఇంద్రకీలాద్రి మీద మోచేత్తో పిస్టల్‌ను అదిమిపెట్టుకుని రోజంతా జనంలో నిలబడ్డప్పుడు ఆ తేడా తెలిసింది.

దీనికి బొటనవేలితో వేసే సేఫ్టీ మీట లేదు. మొదటి నెలంతా నా వేలు దానికోసం వెతుకుతూనే ఉంది. ట్రిగ్గర్ మధ్యలో రక్షణకని ఉండే చిన్న నాలుకను వేలే నొక్కాలని లేదు, చొక్కా అంచు ఇరుక్కున్నా చాలు, పేలిపోవచ్చు. కొత్తగా తీసుకునేవారు తోలుది వద్దని, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ అడగండి. ఇవ్వకపోతే సొంత డబ్బుతో కొనుక్కోండి. రసీదు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, నేను రిటైరై ఏడాదైనా నాది ఇంకా మంజూరు కాలేదు.